పిల్లల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఇక్కడ రాయండి

మల్కాజిగిరి_లైబ్రరీ

జీకాంప్రి (చదువు ఆటల సంకలనం), టక్స్ పెయింట్ (బొమ్మలు వేసేది), టక్స్ మ్యాథ్ (లెక్కల ఆట) లాంటి ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ పిల్లలతో వాడిస్తున్నవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నా. మా కాలనీ లైబ్రరీలో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి వాటిలో ఇవన్నీ పెట్టాం. డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, పిల్లల వివరాలు ఎవరి చేతికీ పోవు. మాలాంటి చిన్న చోటుకు ఇంతకన్నా మంచిది దొరకదు. కాబట్టే వీటిలో ఏం బాగాలేదో గట్టిగా మాట్లాడుకోవాలి.

జీకాంప్రి తెరవగానే పైన విభాగాల బొమ్మలు, మధ్యలో ఆటల బొమ్మలు, అడుగున ఒక బార్ కనిపిస్తాయి. ఆటలు వందకు పైనే. చదవడం ఇంకా రాని పిల్లకి ఆ బొమ్మను చూస్తే లోపల ఏముందో తెలియదు. ఒకటి నొక్కుతుంది, ఏం చేయాలో అర్థం కాదు, వెనక్కి వస్తుంది, ఇంకొకటి నొక్కుతుంది. పావుగంట అలాగే గడిచిపోతుంది. అడుగు బార్‌లో లెవెల్ మార్చే బాణం గుర్తు ఎప్పుడూ చేతికి అందుతూనే ఉంటుంది. దాన్ని టకటకా నొక్కి తనకు రాని లెవెల్‌కి వెళ్లిపోయి, 'ఇది నాకు రాదు' అని లేచిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లకి మొదటి లెవెల్ బాగానే వచ్చు.

టక్స్ మ్యాథ్ సంగతి వేరు. పైనుంచి తోకచుక్కలు పడుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక లెక్క. జవాబు టైప్ చేసి ఎంటర్ కొడితే అది పేలిపోతుంది. ఏడూ అయిదూ కలిపితే పన్నెండని పిల్లాడు నోటితో చెప్పేస్తాడు. కీబోర్డు మీద ఒకటి వెతికి, రెండు వెతికి, ఎంటర్ వెతికేలోపు తోకచుక్క కింద పడిపోతుంది. అక్కడ పరీక్ష కూడికకా, కీబోర్డుకా?

మీ దగ్గర పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో రాయండి. 'బాగుంది', 'బాగాలేదు' అని కాకుండా ఏ ఆటలో ఏ చోట అని చెప్పండి.

టెర్మినల్_తమ్ముడు

అక్కా, మంచి చర్చ. కొన్ని విషయాలు చెప్పాలి. జీకాంప్రిని 2000లో బ్రూనో కుదువా అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోకి వచ్చింది, మొత్తం కోడ్ కొత్తగా రాశారు, 2020లో 1.0 వెర్షన్ విడుదలైంది. ఇంత కాలంగా దీన్ని నిలబెట్టింది చాలావరకు వాలంటీర్లే. పెద్ద కంపెనీ యాప్‌తో పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

రెండోది, మీరు చెప్పినవాటిలో కొన్నింటికి సెట్టింగ్ ఉంది. ప్రతి ఆటకూ ఒకటి నుంచి ఆరు వరకు నక్షత్రాలు ఉంటాయి, ఎన్ని నక్షత్రాల ఆటలు కనిపించాలో సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. మొదటి మూడు చిన్న పిల్లలకి, మిగతావి కాస్త పెద్దవాళ్లకి. బయటికి వెళ్లే బటన్, సెట్టింగ్స్ బటన్ పిల్లలకి కనిపించకుండా కియోస్క్ మోడ్ కూడా ఉంది. టక్స్ మ్యాథ్‌లో కూడా తేలిక పాఠాలతో మొదలుపెట్టొచ్చు.

సరూర్‌నగర్_టీచర్

తమ్ముడూ, నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని చేస్తాను. కియోస్క్ మోడ్ పెట్టాలంటే కమాండ్ లైన్‌లో, అంటే టెర్మినల్ అనే ఆదేశాలు టైప్ చేసే విండోలో, ఒక ఆప్షన్ రాసి ప్రోగ్రామ్ నడపాలి. ల్యాబ్‌లో మాకు దొరికేది ఒక్క పీరియడ్. సిస్టమ్‌లు ఆన్ అయ్యేసరికే అందులో కొంత పోతుంది. ఏ టీచర్ టెర్మినల్ తెరుస్తుంది? సెట్టింగ్ ఉంది అనడం వేరు, దాన్ని వాడాల్సిన మనిషి చేతికి అది అందడం వేరు. పైగా ఆ సెట్టింగ్స్ పేజీ పిల్లల ముందు ఉండే స్క్రీన్‌లోనే ఉంది. నేను పెట్టి అటు తిరిగితే వాళ్లు మార్చేస్తారు.

ఇంకొక పెద్ద విషయం ఎవరూ మాట్లాడరు. మా దగ్గర ఒక సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చుంటారు. ఒకరి చేతిలో మౌస్, ఒకరు పక్కనుంచి చెప్తారు, మూడో పిల్ల చూస్తూ ఉంటుంది. ఆ మూడో పిల్ల ఎప్పుడూ ఒకే పిల్ల. ఈ సాఫ్ట్‌వేర్ అంతా ఒక పిల్లకి ఒక కంప్యూటర్ అనే లెక్కతో తయారైంది. 'ఇప్పుడు పక్కవాళ్లకి మౌస్ ఇవ్వు' అని ఏ ఆటా అడగదు. జీకాంప్రిలో స్నేహితుడితో ఆడే ఆటలు కొన్ని ఉన్నాయి, మా పిల్లలు కొట్లాడకుండా ఆడేవి అవే. చదువుకి సంబంధించిన ఆటల్లో అలాంటివి పెరిగితే మా బడులకు ఎంత మేలో.

గొంతు సంగతి కూడా చెప్పాలి. చదవడం రాని పిల్లకి ఆట ఏం అడుగుతోందో చెప్పేది గొంతే. ఆ ఫైళ్లు చాలాచోట్ల ఇంటర్నెట్ నుంచి విడిగా డౌన్‌లోడ్ అవ్వాలి. ల్యాబ్‌లో నెట్ లేకపోతే ఆట మూగగా వస్తుంది. 'ఇక్కడ గొంతు లేదు, ఇలా తెచ్చుకోండి' అని స్క్రీన్ మీద పెద్దగా చెప్పాలి కదా. మా తోటి టీచర్లు చాలామందికి ఈ ఆటల్లో మాట వస్తుందనే తెలియదు.

ఉప్పల్_నాన్న

మా పాపకి అయిదేళ్లు. టక్స్ పెయింట్ గురించి రాస్తాను, ఎందుకంటే పిల్లల్ని చూసి తయారు చేసినట్టు అనిపించేది అదొక్కటే. మౌస్‌లో ఏ బటన్ నొక్కినా ఒకేలా పని చేసేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. చిన్న చేతికి ఎడమ బటన్, కుడి బటన్ తేడా తెలియదు కదా, అది పెడితే వేలు ఏ బటన్ మీద పడినా గీత వస్తుంది. సేవ్ చేసేటప్పుడు ఫైల్ పేరు అడగదు. తర్వాత తెరవాలంటే చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి, పాప తన బొమ్మను గుర్తుపట్టి నొక్కుతుంది. పెద్దవాళ్ల సెట్టింగ్స్ వేరే ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. టీచర్ గారు అడిగింది అక్కడ ముందే ఉంది.

కానీ ఆకారాలు వేసే చోట మా పాప ప్రతిసారీ ఏడుస్తుంది. చతురస్రం ఎంచుకుని లాగుతుంది, వదులుతుంది. అది అక్కడ నిలబడదు, మౌస్ కదిలినకొద్దీ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇంకోసారి క్లిక్ చేస్తేనే ఆగుతుంది. ఆ రెండో క్లిక్ ఎందుకో పాపకి అర్థం కాదు. తను అనుకున్నట్టు ఇల్లు నిటారుగా రాదు, వంకరగా పడుతుంది.

ఇంకొకటి. పాత బొమ్మను తెరిచి మార్చి సేవ్ చేస్తే, పాతదాన్ని తీసేసి ఇది పెట్టనా, కొత్తగా దాచనా అని అడుగుతుంది. చదవడం రాని పిల్ల ఏదో ఒకటి నొక్కుతుంది. నిన్నటి బొమ్మ పోతుంది.

టెర్మినల్_తమ్ముడు

అన్నా, ఆ రెండూ ఇప్పుడే సరిచేసుకోవచ్చు. మీరు చెప్పిన ఆ వేరే సెట్టింగ్స్ ప్రోగ్రామ్, టక్స్ పెయింట్ కాన్ఫిగ్, తెరిచి 'సింపుల్ షేప్స్' టిక్ పెట్టండి, తిప్పే దశ పోతుంది. అందులోనే సేవ్ దగ్గర ఎప్పుడూ కొత్త బొమ్మగానే దాచమని పెట్టొచ్చు. ప్రింటర్ ఉంటే ఒక ప్రింట్‌కీ ఇంకో ప్రింట్‌కీ మధ్య ఇన్ని సెకన్లు ఆగాలని కూడా పెట్టుకోవచ్చు.

ఉప్పల్_నాన్న

చేశాను తమ్ముడూ, పని చేసింది. చాలా థ్యాంక్స్. కానీ నా మాట అలాగే ఉంది. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం అని వాళ్లే చెప్తారు. మూడేళ్ల పిల్లకి పనికొచ్చే పద్ధతి సెట్టింగ్స్‌లో వెతికి తెచ్చుకోవాలి, పన్నెండేళ్లవాడికి పనికొచ్చేది మొదటే వస్తుంది. అది తిరగబడాలి. పెద్ద పిల్లాడు కావాలంటే అడుగుతాడు, వాళ్ల నాన్న మారుస్తాడు. చిన్న పిల్లకి అడగడం కూడా రాదు.

మల్కాజిగిరి_లైబ్రరీ

ఈ మాట నాకు బాగా నచ్చింది. ఏ సెట్టింగూ మార్చకుండా తెరిచినప్పుడు ఎలా ఉంటుందో, చాలామంది పిల్లలకి ఆ సాఫ్ట్‌వేర్ అంతే. సెట్టింగ్స్ తెలిసిన పెద్దవాళ్లున్న ఇంట్లో పిల్లలకి ఎలాగూ ఏదో ఒక దారి దొరుకుతుంది.

తమ్ముడూ, ఒక సంగతి చెప్పాలి. జీకాంప్రిలో మౌస్ నేర్పే ఆటల్లో మూడు ఒక వరుసగా ఉన్నాయి. ఒకదాంట్లో మౌస్ ఊరికే కదిపితే చాలు, పైన ఉన్న గడులు చెరిగి కింద జంతువు కనిపిస్తుంది. రెండోదాంట్లో క్లిక్ చేయాలి. మూడోదాంట్లో డబుల్ క్లిక్. ఎంత చక్కటి వరుస! ఎవరో పిల్లల పక్కన కూర్చుని ఆలోచించి చేసిన పని అది. కానీ ఆ ఆటలు వందకు పైగా బొమ్మల మధ్య ఎక్కడో ఉన్నాయి. మౌస్ ఎప్పుడూ పట్టని పిల్లని 'ఇక్కడ మొదలుపెట్టు' అని పిలిచేది ఏదీ లేదు. ఆ పిల్ల మొదటి రోజే లాగి వదలాల్సిన ఆటలో పడుతుంది. బటన్ నొక్కి పట్టుకుని జరపడం చిన్న పిల్లలకి క్లిక్ కన్నా చాలా కష్టం, మధ్యలో వేలు జారిపోతుంది.

అచ్చుహల్లు

ఫాంట్లు, తెలుగు స్థానికీకరణ వైపు పని చేసే మనిషిని. ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తని విషయం తెలుగు అక్షరం. మెనూలు తెలుగులోకి మార్చేస్తే పని అయిపోయిందని అనుకుంటాం, అక్షరాల ఆటల్లో అసలు కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది.

'స్త్రీ' రాయండి. పిల్లకి అది ఒక అక్షరం. కంప్యూటర్ లోపల యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లు ఇచ్చే ప్రమాణంలో) ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుణింతం. 'అమ్మ' పిల్లకి రెండక్షరాలు, కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు. పదంలో అక్షరాలు ఊహించే ఆటగానీ, అక్షరాలు కలిపి పదం చేసే ఆటగానీ ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తే, ఆ కోడ్ పదాన్ని ఈ ముక్కలుగా కోస్తుంది. పిల్లకి ఒక గడిలో మ, పక్క గడిలో ఒంటరి పొల్లు గుర్తు కనిపిస్తాయి. బడిలో గుణింతం, ఒత్తులు నేర్చుకుంటున్న పిల్లకి అంతకన్నా గందరగోళం ఉంటుందా? తప్పు పిల్లదేమో అని పక్కన కూర్చున్న అమ్మ కూడా అనుకుంటుంది.

ఇది ఆయా భాషలవాళ్లు ఒక్కో ఆటలో అతుకులు వేసుకోవాల్సిన పని కాదు. చూసేవాళ్లకి ఒక అక్షరంగా కనిపించేదాన్ని ఒకటిగానే ఎలా లెక్కించాలో యూనికోడ్ నియమాల్లో ఉంది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులను విడదీయకుండా ఉంచే నియమం చేర్చారు. ఆట రాసేవాళ్లు పదాన్ని సొంతంగా కోయకుండా ఆ నియమాలు పాటించే రెడీమేడ్ కోడ్‌ని వాడితే చాలావరకు తీరిపోతుంది.

టైపింగ్ ఆటలది ఇంకో బాధ. భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'అమ్మ' రావాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, ఆ తర్వాత సి, డి, సి నొక్కాలి. మన బడుల్లో కీబోర్డుల మీద ముద్రించి ఉండేది ఇంగ్లిష్ అక్షరాలే. పై నుంచి అక్షరం పడుతుంటే తెలుగు మీడియం పిల్ల ఏ కీ నొక్కాలి? స్క్రీన్ మీద తెలుగు కీబోర్డు బొమ్మ చూపించి, ఇప్పుడు నొక్కాల్సిన కీని వెలిగించి చూపిస్తే తప్ప ఆ ఆట తెలుగులో ఉన్నట్టు కాదు.

హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఓపెన్ సోర్స్ సంస్థ వాళ్లు బాలస్వేచ్ఛ పేరుతో పిల్లల సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చే పని ఎత్తుకున్నారు. అలాంటి పని చేసినవాళ్ల ఓపిక నాకు తెలుసు. అనువాదం చేసినవాళ్ల చేతిలో కోడ్ ఉండదు, కోడ్ రాసినవాళ్లకి ఒత్తు తెలియదు. ఈ రెండు వైపులా కలిసి కూర్చోవాలి.

టెర్మినల్_తమ్ముడు

అచ్చుహల్లు గారూ, ఈ విషయం కోడ్ రాసేవాళ్లకి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరు. ఏ ఆటలో ముక్కలవుతోందో స్క్రీన్‌షాట్ ఉంటే నేనే బగ్ (లోపం) ఫైల్ చేస్తా, వీలైతే సరిచేసి పంపిస్తా.

ఒక్క మాట మాత్రం నా వైపు నుంచి. పెద్ద కంపెనీల యాప్‌లలో పిల్లలు ఎక్కడ నొక్కారు, ఎక్కడ ఆగారు, ఎప్పుడు మూసేశారు అన్నీ సర్వర్‌కి వెళ్తాయి. దాన్ని చూసి వాళ్లు స్క్రీన్ మారుస్తారు. ఓపెన్ సోర్స్‌లో మేం ఆ పని చేయం, చేయకూడదు కూడా. పిల్లల మీద నిఘా పెట్టకపోవడమే ఈ సాఫ్ట్‌వేర్‌కి ప్రాణం. దానివల్ల జరిగేది ఏంటంటే, మల్కాజిగిరిలో ఒక పిల్ల బాణం గుర్తు నొక్కి నొక్కి లేచిపోయిందని యూరప్‌లో కూర్చున్న డెవలపర్‌కి ఎప్పటికీ తెలియదు. పిల్ల బగ్ రిపోర్ట్ రాయదు. టీచర్‌కి టైమ్ ఉండదు. మాకు వచ్చే రిపోర్టులన్నీ మాలాంటి పెద్దవాళ్లవే: ఈ వెర్షన్‌లో ఇన్‌స్టాల్ కావడం లేదు, ఆ స్క్రీన్‌లో రంగు తేడాగా ఉంది. కాబట్టి అవే బాగుపడతాయి.

బీఎడ్_అమ్మాయి

నేను ఉస్మానియాలో బీఎడ్ చేస్తున్నా, మాది ఫిజికల్ సైన్స్. ఓపెన్ సోర్స్‌లో పిల్లల్ని చూసి మార్చే పద్ధతి లేదనుకోకండి. ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే సైన్స్ ప్రయోగాలు, చూడండి. నోబెల్ బహుమతి వచ్చిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టారు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. వాళ్లు సిమ్యులేషన్ తయారయ్యే దశలోనే విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏమీ నేర్పకుండా ముందు పెట్టి, నువ్వేం అనుకుంటున్నావో పైకి చెప్తూ వాడు అంటారు. విద్యార్థి ఎక్కడ తడబడితే అక్కడ స్క్రీన్ మారుస్తారు. అందుకే అందులో చదవాల్సిన సూచనలు చాలా తక్కువ. కరెంటు సర్క్యూట్ పెట్టె తెరిస్తే వైరు, బల్బు, బ్యాటరీ కనిపిస్తాయి, చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది.

చిన్న పిల్లల సాఫ్ట్‌వేర్‌కి కూడా మనం ఇక్కడే అలా చేయొచ్చు కదా? పిల్ల పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, ఏం జరిగిందో రాసుకోవడం.

సరూర్‌నగర్_టీచర్

చేయొచ్చమ్మా, చేయాలి కూడా. కానీ 'పైకి చెప్తూ వాడు' అంటే మా పిల్లలు నోరు విప్పరు. కొత్త మనిషి పక్కన కూర్చుంటే అది పరీక్ష అనుకుంటారు. ప్రతిదానికీ 'టీచర్, ఇది నొక్కాల్నా?' అని నా మొహం చూస్తారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లకి, అది పాడైపోతే అమ్మానాన్న డబ్బులు కట్టాల్సి వస్తుందనే భయం నిజంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఏదైనా పెట్టె స్క్రీన్ మధ్యలోకి రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. సెట్టింగ్స్, స్క్రీన్ల గురించి ఎంత రాసినా ఈ భయం గురించి ఎవరూ రాయరు. తప్పు నొక్కితే ఏమీ కాదని పిల్లకి స్క్రీనే చూపించాలి. వెనక్కి వెళ్లే గుర్తు ప్రతి ఆటలో ఒకే మూల, ఒకే బొమ్మతో ఉండాలి. జీకాంప్రి ఈ విషయంలో నిజంగా మేలు, ఇల్లు గుర్తు ఎక్కడికి వెళ్లినా అదే. వేరే ప్రోగ్రామ్‌లోకి మారగానే అన్నీ కొత్తవి.

ఇద్దరు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి వినండి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, మనతో చెప్పనివన్నీ అక్కడ వస్తాయి.

కేరళ గురించి కూడా ఒక మాట. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రభుత్వ సంస్థ, ఇప్పుడు దాని పేరు కైట్, బడుల కోసం ఒకే లైనక్స్ తయారు చేసి ఇస్తుంది, టీచర్లకి శిక్షణ ఇస్తుంది. ఏ టీచరూ టెర్మినల్ తెరవక్కర్లేదు, సెట్టింగ్స్ ముందే చేసి వస్తాయి. మాకూ అలాంటిది కావాలి.

ఉప్పల్_నాన్న

ఇద్దర్ని కూర్చోబెట్టే ఆలోచన చాలా బాగుంది టీచర్ గారూ. పక్కింటి బాబుని పిలిచి ఈ ఆదివారం చూస్తాను.

మల్కాజిగిరి_లైబ్రరీ

అయితే ఇలా చేద్దాం. ప్రతి రిపోర్టులో పిల్ల వయసు, ఇంతకుముందు మౌస్ పట్టిందా లేదా, ఏ ఆట, ఏ లెవెల్, ఏం చేయబోయింది, ఏం జరిగింది, ఆ తర్వాత ఏం చేసింది. 'ఇలా మార్చండి' అని మన సలహా విడిగా అడుగున రాద్దాం, చూసినదానితో కలపొద్దు. పిల్లల పేర్లు, బడి పేరు, ఫొటోలు వద్దు. తెలుగులో రాస్తే చాలు, జీకాంప్రివి తమ్ముడు ఇంగ్లిష్‌లోకి మార్చి కేడీఈ లోపాలు నమోదు చేసే బగ్‌జిల్లాలో పెడతాడు. టక్స్ పెయింట్‌వి వాళ్ల దగ్గర విడిగా.

ఆటల్లో తెలుగు గొంతు లేనిచోట మనమే రికార్డ్ చేద్దాం. దానికి మా లైబ్రరీ వెనక గది ఇస్తాను, రోడ్డు చప్పుడు రాదు. ఎవరి గొంతు, ఏ యాసలో అన్నది తేల్చుకోవాలి.

అచ్చుహల్లు

ఫైళ్లు ఓజీజీ అనే ఆడియో ఫార్మాట్‌లో, ఒక్కో మాటకి ఒక్కో ఫైల్. ముందుగా మన మెషీన్లలో ఉన్న వెర్షన్‌లో ఏ మాటలకి తెలుగు గొంతు పలుకుతోందో, ఏవి మిగిలాయో జాబితా తీస్తాను. అక్షరాల దగ్గర శ, ష, స తేడా, ణ, న తేడా స్పష్టంగా పలికే గొంతు కావాలి. సూచనల దగ్గర మాత్రం పుస్తకంలా చదవకూడదు.

సరూర్‌నగర్_టీచర్

మా బడిలో రెండో తరగతి చెప్పే మేడమ్ గొంతు పిల్లలకి చాలా ఇష్టం, అడుగుతాను. యాస గురించి టెన్షన్ పడకండి. అంకెలు, అక్షరాలు అందరికీ ఒకటే. సూచనల్లో మా పిల్లలు ఇంట్లో వినే మాటే ఉండాలి, వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక్కసారి ఒక్క పనే చెప్పాలి. జాబితా రాగానే సూచనలు నేను రాసి ఇక్కడ పెడతాను, పిల్లలకి వినిపించి అర్థం కానివి మార్చాకే రికార్డ్ చేద్దాం.

టెర్మినల్_తమ్ముడు

టీచర్ గారూ, మీ ల్యాబ్‌లో జీకాంప్రి ఏ వెర్షనో చూసి చెప్పండి. సెట్టింగ్స్ పక్కనున్న 'గురించి' పేజీలో ఉంటుంది. పాతదైతే ముందు కొత్తది వేద్దాం. లేకపోతే అక్కడ ఎప్పుడో సరిచేసినవాటినే మళ్లీ రిపోర్ట్ చేస్తాం. కియోస్క్ మోడ్‌తో తెరుచుకునే ఐకాన్ ఒకటి తయారు చేసి పెన్ డ్రైవ్‌లో ఇస్తాను, డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే చాలు. సరూర్‌నగర్‌కి శనివారం రాగలను.